కంథకు రెండవ ముఖం

మన నిఘంటువులలో కంథ అంటే బొంత. పాత చీరలను పొరలుగా పరచి అవ్వలు కుట్టిన మన బొంతకూ, వంగదేశపు కంథకూ పుట్టుక ఒక్కటే. జీర్ణించిన చీరలు, ధోవతులు ఒకదానిపై ఒకటి పేర్చి, చీర అంచుల నుంచి లాగిన రంగు దారంతోనే కుట్టడం అక్కడి ఆచారం. నడుమ పద్మం, నాలుగు మూలల వృక్షాలు, వాటి మధ్య ఏనుగులు, రథాలు, పల్లకీలు. చలికి కప్పుకొనేది లేప్. అద్దాన్ని, దువ్వెనను చుట్టిపెట్టేది ఆర్శిలత. విక్రయానికి కాక ఆత్మీయుల కోసం కుట్టిన ఈ గృహవస్తువును ప్రదర్శనశాలలో ఎట్లా ఉంచాలి? ఈ ప్రశ్నకు కలకత్తా నగర చరిత్రలో ఒకటికి మించిన సమాధానాలున్నాయి.

1883–84లో ఆ నగరంలో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. ఇండియన్ మ్యూజియంతో సంబంధమున్న త్రైలోక్యనాథ్ ముఖోపాధ్యాయ 1888 గ్లాస్గో ప్రదర్శన సందర్భంగా భారతీయ కళాపరిశ్రమలపై ఒక బృహద్గ్రంథం రచించారు. ఆనాటి వర్గీకరణ లోహం, దారువు, దంతం, వస్త్రం అంటూ పదార్థాన్ని బట్టి సాగేది. వర్తకుడికి అది సౌకర్యమే. అయితే సరకుగా పుట్టని కంథకు ఆ వరుసలో సహజమైన చోటు లేదు.

ఆ చోటును కల్పించినవారిలో గురుసదయ్ దత్ ముఖ్యులు. 1882లో సిల్హెట్ ప్రాంతంలో జన్మించి, ఐ.సి.యస్. అధికారిగా బెంగాల్ జిల్లాలలో పనిచేసిన ఆయన, పర్యటనలకు వెళ్లిన ఊళ్లలోనే కంథలను, పటచిత్రాలను, మట్టిబొమ్మలను, కొయ్య శిల్పాలను సేకరించారు. జిల్లా అధికారి పర్యటన అంటే శిస్తు లెక్కలే గుర్తుకు వచ్చే రోజులవి! 1932లో కలకత్తాలోని ప్రాచ్యకళా సంఘంలో ఆయన సంగ్రహం ప్రదర్శితమైంది. పటచిత్రాలు చూపుతూ పటువాలు పాడే పాటలను కూర్చిన ఆయన గ్రంథం ‘పటువా సంగీత్’ను 1939లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించింది. 1941లో ఆయన మరణించారు. నగరానికి దక్షిణాన, జోకాలోని బ్రతచారి గ్రామంలో ఆ సంగ్రహానికి 1963లో మ్యూజియం ఏర్పడింది.

అక్కడి కంథలలో మానదాసుందరీ దాసి కుట్టినది ప్రసిద్ధం. తండ్రికి కానుకగా కుట్టిన ఆమె, ఆ సంగతిని వస్త్రం మీదనే సూదితో అక్షరీకరించింది. కాబట్టి ‘అజ్ఞాత గ్రామీణ స్త్రీ’ అని చీటీ రాసి చేతులు దులుపుకొనే వీలు ఇక్కడ లేదు. ఆ అక్షరాలు చూపరికి అందే ఎత్తులో ఉండాలి. ఈ చిన్న విషయం చాలు, గోడ కొలతలన్నీ మారిపోతాయి.

అంతకన్నా క్లిష్టమైనది దొరొఖా కంథ. దానికి రెండు ముఖాలూ ముఖాలే. వెనుకవైపు అంటూ లేదు. గోడకు ఆనించి అద్దం బిగిస్తే కుట్టుపని సగం కనుమరుగవుతుంది. గది నడుమ, ఇరువైపులా అద్దంతో నిలిపి, చుట్టూ తిరగడానికి చోటు విడవాలి. అయిదు కంథలు పట్టే స్థలాన్ని ఒక్కటే ఆక్రమిస్తుంది. చదరపు అడుగుల లెక్కన మంజూరులు జరిగే చోట ఇది దుబారాగా తోచవచ్చు. కాని, సగం దాచిన కంథను చూపడంకంటె పెద్ద దుబారా ఏముంది? పైగా నూలుబట్ట, పాత రంగులు వెలుగును ఓర్చవు. సాధారణంగా 50 లక్స్‌కు మించని కాంతినే నిపుణులు అనుమతిస్తారు. కొన్ని నెలలకొకసారి వస్త్రాన్ని మార్చి విశ్రాంతి నివ్వాలి. మడత పెడితే మడతల వెంట పోగు తెగుతుంది. గొట్టానికి చుట్టి ఉంచాలి. వర్షాకాలపు కలకత్తా తేమకు బూజు తోడు. అందువల్ల చూపరి అడుగుపెట్టని నిల్వగదికి కూడా ప్రదర్శన మందిరంతో సమానంగా నిధులు కావాలి.

పటచిత్రానిది మరో ఇబ్బంది. పటువా ఒక్కొక్క అంకాన్ని విప్పుతూ, వేలితో చూపుతూ పాడతాడు. పటాన్ని ఆసాంతం విప్పి అద్దాల బీరువాలో పెడితే కథ అంతా ఒకేసారి బయటపడి, పాట మాయమవుతుంది. మన చేర్యాల నకాషీ పటాలకూ ఇదే గతి: కాకిపడగల వారి కంఠం లేని పటం సగం పటమే. దత్ పాటలను గ్రంథస్థం చేశారు గనుక బెంగాల్‌కు కొంత మేలు. పటం ఎదుట కూర్చోవడానికి పది మందికి చోటు, పటువా నిలబడడానికి ఒక అరుగు వదిలితే చాలు. యంత్రసామగ్రి తర్వాతి మాట.

విశ్వవిద్యాలయం 1937లో స్థాపించిన అశుతోష్ మ్యూజియం కూడా జానపద కళను పురాతన శిల్పాలతో పాటు చేర్చుకున్నది. అక్కడే బోధించిన స్టెల్లా క్రామ్రిష్ కూర్చిన కంథలు నేడు ఫిలడెల్ఫియాలో ఉన్నాయి.

జోకా మ్యూజియానికి 1984 నుంచి కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ ఆర్థికసహాయం లభించేది; 2017లో అది నిలిచింది. ఆ మాటతో పై లెక్కలన్నీ మరో విధంగా చదువుకోవలసి వస్తుంది. గొట్టాలకు చుట్టిన కంథలను వానకాలం ముందు విప్పి చూసి, బూజు పట్టిందేమో పరీక్షించి, తిరిగి చుట్టడానికి ఏడాది పొడవునా జీతమందే చేతులు కావాలి.