పాత ఆటకు కొత్త పరిష్కరణ: ‘క్వేక్’ చరిత్ర

వ్యాకరణంలో ఉత్తమ పురుష అంటే మాట్లాడేవాడు. ‘నేను’, ‘మేము’ అన్నవి దాని రూపాలని అందరికీ తెలుసు. ఈ పరిభాష కంప్యూటరు ఆటలలోకి కూడ ప్రవేశించినది. చదరంగం ఆడేవాడు బల్లను పైనుంచి చూస్తాడు. బంట్లు వేరు, తాను వేరు. కాని కొన్ని ఆటలలో పాత్ర కన్నే ఆటగాని కన్ను. తెరమీద ఎదుట ఉన్న నడవ, తలుపు, మెట్లు కనబడతాయి. తనకు సంబంధించి కనబడేది చేతిలోని ఆయుధం మాత్రమే. వీటినే ఇంగ్లీషువారు ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారు. మనం ఉత్తమ పురుష ఆటలు అందాం.

ఈ జాతి ఆటలలో చాల పాతది పుట్టినది 1973–74లో. కాలిఫోర్నియాలో నాసావారి ఎయిమ్స్ పరిశోధన కేంద్రంలో పని నేర్చుకొంటున్న హైస్కూలు విద్యార్థులు ఇమ్లాక్ అనే చిన్న కంప్యూటరు తెరమీద గీతలతో నడవలు గీసి, ఒకరినొకరు వెదకి కాల్చుకొనే ఆట తయారుచేశారు. దాని పేరు ‘మేజ్’. ఆ తరువాత చాలాకాలానికి, టెక్సస్ రాష్ట్రంలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ 1992లో ‘వుల్ఫెన్‌స్టైన్ 3డి’ని, 1993లో ‘డూమ్’ను వెలువరించి ఈ ఆటలను లోకప్రసిద్ధం చేసింది. అయితే డూమ్‌లో ఒక గదిమీద మరొక గది కట్టడానికి వీలులేదు. రాక్షసులు కూడ అట్టముక్కలమీది బొమ్మల వంటివారే. నిజమైన మూడు కొలతల లోకాన్ని, మూడు కొలతల రాక్షసులను చూపినది 1996 జూన్ 22న వచ్చిన ‘క్వేక్’. (ఇందులో రక్తపాతం ఎక్కువ. అమెరికాలో దీనికి 17 ఏండ్లు దాటినవారికన్న ముద్ర ఉన్నది. ఉపాధ్యాయులు ఈ సంగతి మరువరాదు.)

ఆనాటి పెంటియం కంప్యూటరు ఈ పని ఎట్లా చేయగలిగింది? సగం పని ముందే చేసిపెట్టడం వల్ల. కోటలోని ఏ మూలనుంచి ఏ మూల కనబడుతుందో ఆట నడుస్తుండగా లెక్కించాలంటే యంత్రం అలసిపోతుంది. కాబట్టి స్థలాన్ని సమతలాలతో రెండేసి ముక్కలుగా నరుకుతూపోయి, ఒక్కొక్క ముక్కనుంచి కనబడగల ముక్కల పట్టికను ముందుగానే తయారుచేసి ఆటతోపాటు ఇచ్చారు. ఇట్లా నరికే పద్ధతికి మూలం 1969లో షూమేకర్ బృందం ఆలోచన. 1980లో ఫుక్స్, కెడెమ్, నేలర్ అనేవారు దానికి చక్కని రూపం ఇచ్చారు. కనబడే భాగాల పట్టికను గురించి సెత్ టెల్లర్ 1992లో బర్క్‌లీలో సిద్ధాంత గ్రంథం వ్రాశాడు. వెలుగునీడలు కూడ అంతే. ఏ గోడమీద ఎంత వెలుతురు పడుతుందో ముందే లెక్కగట్టి పెట్టారు.

మిగిలినది గోడమీది రాళ్ళ నమూనాను దూరాన్నిబట్టి కుదించి చూపడం. దీనికి ప్రతి చుక్కకూ ఒక భాగహారం కావాలి. కూడికకంటె భాగహారం మనకెంత కష్టమో యంత్రానికీ అంతే. ఈ చిక్కును జాన్ కార్మాక్, మైకేల్ అబ్రాష్ అనే ప్రోగ్రాము రచయితలు తెలివిగా విడదీశారు. 16 చుక్కలకు ఒక్కసారి మాత్రమే భాగహారం చేసి, మధ్య చుక్కలను సరళరేఖలో సరిపెట్టారు. పెంటియంలో దశాంశ గణితం చేసే విభాగం వేరు, పూర్ణాంక గణితం చేసే విభాగం వేరు. మొదటిది ఒక భాగహారం సాగిస్తూ ఉండగా రెండవది 16 చుక్కలూ గీసేస్తుంది. ఎసట్లో బియ్యం ఉడుకుతుండగా కూర తరుగుకొనే ఇల్లాలి నేర్పు వంటిదే ఇది.

తాళపత్రాన్ని చెదలు తింటాయి. ప్రోగ్రాము అట్లా చెడదు. దాని అక్షరాలు ఎన్నేండ్లయినా అవే. చెడేది దాని చుట్టూ ఉన్న ప్రపంచం. క్వేక్ డాస్ అనే వ్యవస్థలో నడిచేది. ఆ వ్యవస్థ వాడుకనుంచి పోయింది. నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం సమకూర్చిన సంగీతం అదే సీడీమీద మామూలు పాటల సీడీలో వలె ఉండేది. ఆటను ఇంటర్నెట్టు ద్వారా అమ్మడం మొదలుపెట్టిన తరువాత చాలమందికి ఆ సంగీతమే లేకుండా ఆట అందింది. అమెరికాలో 2010కి ముందు వెలువడిన ఆటలలో 87 శాతం అంగట్లో దొరకడంలేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ తేల్చింది. కొన్నిటికి అడ్డం సాంకేతిక విద్య కాదు, హక్కులు. 2000లో వచ్చిన ‘నో వన్ లివ్స్ ఫరెవర్’ అనే మంచి ఆటను పునరుద్ధరించడానికి 2014లో నైట్‌డైవ్ అనే సంస్థ పూనుకొన్నది. హక్కు మూడు పెద్ద సంస్థలలో ఎవరిదో తేలక ఆ ప్రయత్నం విరమించుకోవలసి వచ్చినది.

క్వేక్ అదృష్టం వేరు. 1999 డిసెంబరులో ఇడ్ సంస్థ దాని ప్రోగ్రాము మూలపాఠాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేసింది. తరువాత ఎందరో ఔత్సాహికులు దానిని కొత్త యంత్రాలకు అనువుగా మలచుకొన్నారు. 2021 ఆగస్టు 19న అదే నైట్‌డైవ్ సంస్థ, మూలకర్తల అనుమతితో, కొత్త పరిష్కరణ వెలువరించింది. పోయిన సంగీతం తిరిగి వచ్చినది. 1997 నాటి రెండు అనుబంధాలు చేరాయి. స్వీడనులోని మషీన్‌గేమ్స్ వారు ఒక కొత్త భాగం కూడ రచించారు.

ఇట్టి పనిలో ముందు ఎదురయ్యే ప్రశ్న తెర ఆకారం. 1996లో చిత్రానికి 320 × 200, అంటే 64,000 చుక్కలు. నేటి పెద్ద తెరమీద 3840 × 2160, అంటే 82,94,400. సుమారు 130 రెట్లు. చుక్కలు పెరగడం తేలిక విషయమే. చూపు వెడల్పు అట్లా కాదు. పాత తెర నిష్పత్తి 4:3, అడ్డంగా చూపు కోణం 90 డిగ్రీలు. కొత్త తెర 16:9. అదే 90 డిగ్రీలు ఉంచితే పైనా క్రిందా కొంత చిత్రం తెగిపోతుంది. ఎత్తును అట్లాగే నిలపాలంటే కోణం ఎంత పెరగాలి? సగం కోణం 45 డిగ్రీలు, దాని టాంజెంటు 1. ఎత్తువైపు సగం కోణానికి టాంజెంటు 3/4. దానిని 16/9తో గుణిస్తే 4/3. అనగా మనకు చిరపరిచితమైన 3, 4, 5 త్రిభుజమే! సగం కోణం 53.13 డిగ్రీలు, మొత్తం కోణం సుమారు 106.

రెండవది రాక్షసుల నడక. పాత ఆటలో వారి భంగిమ సెకండుకు 10 సార్లు మాత్రమే మారేది. మధ్య భంగిమలు లేవు. వాటిని నేడు లెక్కగట్టి పూరిస్తే నడక సాఫీ అవుతుంది, కాని వెంటనే మరొక లోపం బయటపడుతుంది. స్థలం పొదుపుకోసం దేహంలోని ప్రతి బిందువు స్థానాన్నీ 256 మెట్లలో ఒక మెట్టుగా సరిపెట్టారు. నడక గతుకులుగా ఉన్నంతకాలం ఇది కంటికి తట్టలేదు. సాఫీ అయ్యేసరికి చర్మం జున్నులాగ వణకడం మొదలుపెట్టినది. కొత్త పరిష్కరణలో రాక్షసుల బొమ్మలను మరింత వివరంగా మళ్ళీ చేశారు. వద్దనుకొనేవారు పాత బొమ్మలనే పెట్టుకోవచ్చు. ఈ వెసులుబాటు ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం.

అన్నిటికన్న సున్నితమైనది గెంతు. ఈ ఆటలో పొడవు ప్రమాణానికి పేరు లేదు, వట్టి యూనిట్ అంటారు. మనిషి ఎత్తు 56 యూనిట్లు, అది 1.75 మీటర్లనుకొంటే యూనిట్ సుమారు 3 సెంటీమీటర్లు. గురుత్వాకర్షణ 800, అనగా భూమిమీద ఉన్నదానికి రెండున్నర రెట్లు. గెంతేవేళ పైకి వేగం 270. భౌతిక శాస్త్ర సూత్రం ప్రకారం 270 వర్గాన్ని 1600తో భాగిస్తే ఎత్తు 45.6 యూనిట్లు రావాలి. కాని కంప్యూటరు కాలాన్ని ముక్కలుగా చేసి నడుపుతుంది. ప్రతి ముక్కలోనూ ముందు వేగం తగ్గించి, తరువాత మనిషిని జరుపుతుంది. సెకండుకు 20 ముక్కలయితే వేగాలు వరుసగా 230, 190, 150, 110, 70, 30. మొత్తం 780ని 20తో భాగిస్తే 39 యూనిట్లే! సెకండుకు 72 ముక్కలయితే 43.7. (విద్యార్థులు నల్లబల్లమీద కూడి చూడవచ్చు.) అనగా పేదవాని నిదాన యంత్రంలో గెంతు కూడ పొట్టిదే. అసలు ప్రోగ్రాము సెకండుకు 72 ముక్కలను మించనిచ్చేది కాదు. నేటి తెరలు సెకండుకు 144 చిత్రాలు చూపగలవు. లెక్కను కూడ అంత వేగంగా నడిపితే గెంతు మారిపోతుంది, కొన్ని తలుపులు, లిఫ్టులు సరిగా ప్రవర్తించవు. కాబట్టి ఇటువంటి పనులలో సామాన్యంగా లెక్కను పాత వేగంలోనే ఉంచి, మధ్య చిత్రాలను మాత్రం వేరుగా పూరిస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకని అడగవచ్చు. ఈ ఆటలో ఒక తప్పు ఉన్నది. గాలిలో ఉన్నప్పుడు ప్రోగ్రాము మనిషి మొత్తం వేగాన్ని కాక, అతడు పోదలచిన దిక్కులోని వేగాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. 320 వేగంతో పోయేవాడు లంబ దిక్కుకు ఒత్తితే ఆ దిక్కులో 30 వరకు వేగం చేరుతుంది. పైథాగరస్ చెప్పినట్లు మొత్తం 321.4 అవుతుంది. ఇట్లా తిరుగుతూ గెంతుతూ పోతే వేగం పెరుగుతూనే ఉంటుంది. ఆటగాళ్ళు ఈ తప్పును ఒక విద్యగా సాధన చేశారు. 1997లోనే కొందరు ఆట మొత్తాన్ని 20 నిమిషాలలోపు ముగించి చూపారు. పాత కావ్యాన్ని పరిష్కరించే పండితునికి లేఖకుని తప్పు ఏది, కవి ప్రయోగం ఏది అన్న సందేహం వస్తుంది. ఇక్కడ తప్పు అని నిశ్చయంగా తెలిసినా దిద్దరాదు. దిద్దితే పాతికేండ్లుగా జనం అభ్యసించిన విద్య ఒక్కరోజులో మాయమవుతుంది. 2021 నాటి పరిష్కర్తలు వెలుగునీడలకు, బొమ్మలకు మెరుగు పెట్టి, ఈ గెంతులను ముట్టుకోకపోవడం వారి పనిలో నాకు మిక్కిలి నచ్చిన భాగం.

1999 నాటి మూలపాఠం నేటికీ ఉచితంగా దొరుకుతుంది. అది సి భాషలో వ్రాసినది. ఆ భాష కొద్దిగా వచ్చిన విద్యార్థి గురుత్వాకర్షణ 800 అని వ్రాసిన వరుసను తానే వెదకి పట్టుకోగలడు. దానిని 400 చేస్తే గెంతు ఎంత ఎత్తు లేస్తుందో ముందు కాగితంమీద లెక్కగట్టి, తరువాత యంత్రంలో సరిచూచుకోవచ్చు.