పేరు మనకు, అంకె యంత్రమునకు

ఒకే పేరు గలవారు మన ఊళ్లలో ఎందరో. ఇంటిపేరు చేర్చి మనము వారిని గుర్తించుచుందుము. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన పిమ్మట, ఎందరో శ్రీనివాసులు, లక్ష్ములు అచ్చటి కంప్యూటరు కొలువులలో చేరిరి. యూనిక్స్ వంటి వ్యవస్థలో యంత్రము వారిని గుర్తించునది పేరుతో కాదు, అంకెతో. ఆ యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ఆరంభమైనది. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఎల్‌డ్యాప్ పద్ధతి, ఆ అంకెలను ఒక్క పట్టికలో ఉంచి అన్ని యంత్రములును చూచుకొనుటకు దారి చూపెను.

ఒక అంకె ఇద్దరికి పడినచో యంత్రము వారిని ఒక్కరిగనే ఎంచును. కొలువు విడిచినవారి అంకెను కొత్తవారికిచ్చినచో, పాతవారు విడిచిన దస్త్రములన్నియు కొత్తవారి సొత్తగును. కావున వాడిన అంకెను మరల వాడరాదని మనము నేర్చుకొంటిమి.