బుడాపెస్ట్ కాగితం, మన డీకేటీ పట్టా



ఉక్రెయిన్ యుద్ధం ప్రస్తావన వస్తే మన విద్యార్థి సంఘాల్లో రెండు జట్లు తయారవుతాయి. ఒక జట్టు అమెరికాను తిడుతుంది, ఇంకో జట్టు రష్యాను తిడుతుంది. మన అనంతపురం మనిషి తరిమెల నాగిరెడ్డి ఈ రెండిట్లోనూ ఇమిడేవాడు కాదు. కోర్టులో ఆయన ఇచ్చిన వాంగ్మూలమే ఆయన పోయాక ‘తాకట్టులో భారతదేశం’ పుస్తకంగా వచ్చింది. ఈ దేశంలోకి వచ్చిన అమెరికా పెట్టుబడినీ సోవియట్ పెట్టుబడినీ ఆయన ఒకే జల్లెడ పట్టాడు. 1976లో పోయాడు కాబట్టి 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడం చూడలేదు. అట్లా విడిపోయిన కొత్త దేశాలతో పడమటి రాజ్యాలు ఎట్లా నడుచుకున్నాయో ఈ భాగంలో చూద్దాం.

ఆ దేశాల స్వాతంత్ర్యం కోసం అమెరికా మొదటినుంచీ తపించిందనే మాట నిజం కాదు. 1991 ఆగస్టు 1న అధ్యక్షుడు బుష్ కీవ్ వెళ్లి, ఆత్మహత్య లాంటి జాతీయవాదానికి తాము సాయం చేయమని హెచ్చరించి వచ్చాడు. నాలుగు నెలలకు, డిసెంబర్ 1న, ఉక్రెయిన్ జనం 90 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు. అప్పుడు గానీ వాషింగ్టన్ దారి మార్చుకోలేదు.

మార్చుకున్నాక దాని మొదటి చింత అక్కడి జనం గురించి కాదు, అక్కడి అణ్వాయుధాల గురించి. ఉక్రెయిన్ నేల మీద ప్రపంచంలోనే మూడో పెద్ద అణునిల్వ ఉండిపోయింది. వాటిని పేల్చే మీట మాస్కో చేతిలోనే ఉండేది, అది వేరే సంగతి. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా, ఉక్రెయిన్ ఒక కాగితం మీద సంతకాలు చేశాయి. ఉక్రెయిన్ ఆయుధాలు వదులుకోవాలి, మిగతా మూడూ దాని సరిహద్దులను గౌరవించాలి. 1996 నాటికి చివరి వార్‌హెడ్ కూడా రష్యాకు వెళ్లిపోయింది.

ఆ కాగితంలో ఒక పదం ఉంది, దాన్ని గట్టిగా పట్టుకోండి. ఇంగ్లీషు ప్రతిలో ‘అష్యూరెన్స్’ అని రాశారు, ‘గ్యారెంటీ’ అని రాయలేదు. గ్యారెంటీ అంటే సైన్యం పంపాల్సి వస్తుందని అమెరికా దౌత్యవేత్తలు కావాలనే ఆ మాట రానీయలేదు. సందేహం వస్తే సంప్రదించుకుందాం అన్నారు. అణుదాడి బెదిరింపు వస్తే భద్రతా మండలికి పోదాం అన్నారు. ఆ మండలిలో రష్యాకు వీటో ఉంది. 2014లో క్రిమియాను కలిపేసుకుంది సంతకం పెట్టిన రష్యానే. కంచే చేను మేసింది.

పడమటి దేశాలు అందరికీ ఇట్లాగే చేశాయా? లేదు. బాల్టిక్ దేశాలను 2004లో నాటోలో చేర్చుకున్నారు. ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అనే ఒప్పందం వాళ్లకు దొరికింది. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్‌లో ఉక్రెయిన్‌, జార్జియాలకు మాత్రం ‘ఎప్పటికైనా మీరూ సభ్యులవుతారు’ అన్నారు, తేదీ చెప్పలేదు. అటు రష్యాకు కోపం తెప్పించారు, ఇటు వీళ్లకు రక్షణ ఇవ్వలేదు. ఆగస్టులో జార్జియాలో యుద్ధం వచ్చింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం కీవ్ మీదికి బయలుదేరింది. దాడి చేసిన తప్పు రష్యాదే. కానీ ఉత్త మాట ఇచ్చి ఆయుధాలు పట్టుకుపోయిన లెక్క పడమటి ఖాతాలో ఉంది.

మనకెందుకిదంతా అంటారా? ఆ ఏడాది చెనిక్కాయ పండించే మన సీమలో కూడా పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర కూలోళ్ల ఇళ్లను కొట్టింది. యుద్ధానికి ముందు మన దేశానికి ఆ నూనె ఎక్కువగా వస్తుండింది ఉక్రెయిన్ నుంచే. అయితే నేను చెప్పదలుచుకున్నది ధర గురించి కాదు, కాగితం గురించి.

మా మాదిగవాడలో చాలా ఇళ్లల్లో ట్రంకుపెట్టె అడుగున డీకేటీ పట్టా ఉంటుంది. భూమి మాత్రం ఎవరో దున్నుకుంటుంటారు. మా అవ్వ ‘పట్టా మాది, పంట వాళ్లది’ అనేది. 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టానికి విరుద్ధంగా ఆ భూమి చేతులు మారితే వెనక్కి ఇప్పించాల్సింది రెవెన్యూ అధికారులు. ఇప్పించకపోతే? అక్కడే మన అర్జీలు ఏళ్లకేళ్లు తిరుగుతాయి.

ఉక్రెయిన్ ఒక రాజ్యం, దానికి సైన్యం ఉంది. దాని కష్టమూ మన కష్టమూ ఒకటని నేను అనను. కాగితం పనిచేసే తీరు మాత్రం ఒకటే. ఇది బాబాసాహెబ్‌కు బాగా తెలుసు. అందుకే 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో పెద్దల మంచితనాన్ని నమ్ముకోలేదు. ఏ మెజారిటీ వచ్చినా చెరపలేని విధంగా భూమినీ రక్షణలనూ రాజ్యాంగంలోనే రాయమన్నాడు. ఆయన అడిగిందంతా రాజ్యాంగంలోకి రాలేదు. రాని భాగంలో భూమి ఉంది.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఎవరైనా ఒప్పందమో జీవోనో చేతిలో పెడితే సంతకాలు చూసి మురిసిపోవద్దు. దీన్ని అమలు చేయాల్సింది ఎవరు, చేయకపోతే వాళ్లకేమవుతుంది అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే మీ చేతిలో ఉన్న ఆయుధం అప్పగించొద్దు. మన ఆయుధం సంఘం.