భస్మం

బంతుల మరలో నూరిన మిశ్రమలోహపు పొడిని ఈమధ్య ఒక వ్యాసంలో ‘లోహభస్మం’ అన్నారు. వినడానికి సొంపుగానే ఉంది, కానీ తప్పు. సంస్కృతంలో ‘భస్’ ధాతువుకు నమలడం, మింగడం అని అర్థం. నిప్పు నమిలి వదిలింది భస్మం, అంటే బూడిద. విభూతికీ అదే పేరు, భస్మాసురుడూ ఆ ఇంటివాడే. ఇక మన పత్రికల్లో గడ్డివాము తగలబడినా ‘భస్మీపటలమే’. ఆయుర్వేదం ఈ మాటను ఇంకా బిగించింది. శుద్ధిచేసిన లోహాన్ని ఆకుపసర్లతో కల్వంలో నూరి, బిళ్లలు చేసి, మూకుళ్లలో మూసి పుటం పెడితే లోహగుణం పోయి మిగిలేది భస్మం. రసాయనశాస్త్రం ప్రకారం ఎక్కువగా ఆక్సైడో సల్ఫైడో. 1966 ప్రాంతంలో అమెరికాలో లోహశాస్త్రవేత్త జాన్ బెంజమిన్ రూపొందించిన, బంతుల మరలో మిశ్రమలోహం చేసే పద్ధతి వేరు. ఉక్కు బంతుల దెబ్బలకు నికెల్, క్రోమియం రేణువులు అతుక్కుంటూ, విరుగుతూ, మళ్లీ అతుక్కుంటూ ఏకమవుతాయి. గాలి సోకి భస్మం కాకూడదనే తరచు ఆ మరలో ఆర్గాన్ నింపుతారు! పాత వైద్యుల మాటల్లో దీనికి చుట్టం కజ్జలి: పాదరసం, గంధకం నిప్పు లేకుండానే కల్వంలో నూరగా నూరగా నల్లబడి సల్ఫైడ్ అవుతాయి. కాటుకకు సంస్కృతంలో కజ్జలం. ఆ నలుపే దీనికి పేరు పెట్టింది. మిశ్రమలోహానికి మాత్రం నా ఓటు ఉత్త ‘పొడి’కే.