మైక్ సెట్టులో గాజు బుడ్లు: బాగు చేయాలా, మార్చేయాలా?

మన పుల్లలచెరువు, యర్రగొండపాలెం వైపు ఎవరింటి అటక మీదైనా పాత వాల్వు మైక్ సెట్టు ఉందా? ఉంటే పాత సామాన్ల వాడికి కేజీల లెక్కన ఇచ్చేముందు ఈ ఎపిసోడ్ చూడండి.

ముందు దాని కథ. 1904లో లండన్‌లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ మొదటి వాల్వు చేశాడు. అది కరెంటును ఒకవైపే పోనిస్తుంది, అంతే. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మధ్యలో ఇంకో తీగ పెట్టాడు. దాన్నే గ్రిడ్ అంటాం. చెరువు తూము తలుపు కాస్త కదిపితే కాలువంతా మారిపోతుంది కదా? అలాగే గ్రిడ్ మీద చిన్న సిగ్నల్ ఇస్తే పెద్ద కరెంటు దాని వెంటే ఆడుతుంది. ఆంప్లిఫయర్ అంటే ఇదే.

1948 డిసెంబర్ 1న విజయవాడ ఆకాశవాణి మొదలైనప్పుడు ఇళ్లలో ఉన్నవి వాల్వు రేడియోలే. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ట్విస్ట్ ఏంటంటే, మరుసటి ఏడాది 1962లోనే అదే సంస్థ జెర్మేనియం సెమీకండక్టర్లు కూడా మొదలుపెట్టింది. అంటే వాల్వూ, దాన్ని పక్కకు నెట్టే ట్రాన్సిస్టరూ దాదాపు ఒకేసారి వచ్చాయి. ట్రాన్సిస్టర్‌ని వేడి చేయక్కర్లేదు, సెల్స్‌తోనే నడుస్తుంది. కరెంటు రాని ఊళ్లకి అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు రిపేర్. దొరికింది కదా అని నేరుగా ప్లగ్ పెట్టకండి. లోపల 250 వోల్టులు, అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా కండెన్సర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది, ప్రాణం తీస్తుంది. అందుకే మొదటిసారి వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్ పక్కన ఉండాల్సిందే. ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సర్లు, లీకయ్యే పేపర్ కండెన్సర్లు మార్చాలి. తర్వాత పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేస్తారు. బల్బు ఫుల్లుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టే. స్పీకర్ కలపకుండా మాత్రం సౌండ్ పెంచొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

మరి అప్‌గ్రేడ్? చాలామంది లోపలిదంతా పీకేసి ఒక చిప్ బోర్డు బిగిస్తారు. పాట వస్తుంది, కానీ ఆ సెట్టు ఇక లేనట్టే, మిగిలేది డబ్బా. నా లెక్క ఒకటే: ప్రాణం కాపాడేది మార్చాలి, చరిత్ర చెప్పేది ఉంచాలి. మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టయితే ఎర్త్ ఉన్న మూడు వైర్ల కేబుల్ వేయించండి, సరైన ఫ్యూజు పెట్టించండి. బ్లూటూత్ కావాలంటే బయట చిన్న డబ్బాలో పెట్టి ఇన్‌పుట్‌కి కలపండి. ఛాసిస్‌కి కొత్త రంధ్రాలు వద్దు. తీసిన పాత పార్టులు కవర్లో వేసి దాచండి. రేపు ఎవరైనా మళ్లీ పాతలా చేయాలనుకుంటే దారి ఉండాలి.

స్క్రూ విప్పేముందు ఒక ఫోటో, విప్పాక నాలుగు ఫోటోలు తీయండి. ఏ తీగ ఎక్కడికి వెళ్లిందో రేపు చెప్పేది అవే.