గుండెకు గండి పూడ్చే కణం

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో ప్రాక్టీసు పెట్టారు. ఆ రోజుల్లోనే, 1904లో, జర్మనీలో లుడ్విగ్ అషాఫ్ కీళ్లవాత జ్వరంతో చనిపోయినవారి గుండె కండలో చిన్నచిన్న బుడిపెలు ఉన్నాయని చూపించాడు. అవి మానిన చోట మచ్చ మిగిలేది. వైద్యుడి స్టెతస్కోపుకు కవాటం చెడిన చప్పుడు వినిపించేది గానీ, ఆ కవాటాన్ని మందం చేస్తున్న కణం గురించి పట్టించుకున్నవారు తక్కువ. సంయోజక కణజాలంలోని ఈ కదురు ఆకారపు కణాలను అంతకు అర్ధశతాబ్దం ముందే జర్మన్ వైద్యుడు విర్కో వర్ణించాడు. వీటినే ఫైబ్రోబ్లాస్ట్‌లు అంటున్నాం. చాలాకాలం వీటికి దక్కిన హోదా ఖాళీలు నింపే కూలీలదే.

గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతే కండకణాలు గంటల్లో చస్తాయి. పెద్దవాళ్లలో అవి మళ్లీ పుట్టడం దాదాపు ఉండదు. తెల్లకణాలు వచ్చి చచ్చిన కండను ఊడ్చేస్తాయి, ఆ వెనకే ఫైబ్రోబ్లాస్ట్‌లు చేరి కొల్లాజెన్ పీచు అల్లుతాయి. అల్లకపోతే గుండె గోడ చిరిగి మనిషి పోతాడు. కృష్ణా డెల్టాలోని దివిసీమలో కరకట్టకు గండి పడితే ముందు పూడ్చాలి, అక్కడ పంట పండుతుందా అన్నది తర్వాతి మాట. 1939లో అమెరికాలో మల్లరీ, వైట్, సాల్సెడో-సల్గార్ 72 గుండెలను పరీక్షించి, చిన్న గాయం మానడానికి అయిదు వారాలు, పెద్దదానికి రెండు నెలలు పడుతుందని తేల్చారు. గుండెపోటు వచ్చినవాళ్లను వారాల తరబడి మంచం దిగనివ్వని ఆనాటి పద్ధతికి ఇది బలమిచ్చింది.

1971లో జెనీవాలో గబ్బియాని బృందం మరో సంగతి పట్టుకుంది. గాయంలో ఈ కణాలు కండరపు గుణం తెచ్చుకుని మచ్చను బిగించి లాగుతాయి. వీటికే మయోఫైబ్రోబ్లాస్ట్ అని పేరు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. గండి పూడినా వీటిలో కొన్ని పని మానవు, బాగున్న కండ నడుమ కూడా పీచు వేస్తూ పోతాయి. గుండె బిగుసుకుంటుంది. ఆయాసం, కాళ్లవాపు మొదలవుతాయి. ఆల్డోస్టెరాన్ అనే హార్మోను ఈ పీచును పెంచుతుందని కార్ల్ వెబర్ బృందం ఎలుకల్లో చూపించింది.

ఆ హార్మోనుకు అడ్డుపడే స్పైరనోలాక్టోన్ అప్పటికే ఒంట్లో నీరు తీయడానికి వాడుతున్న పాత మాత్ర. 1999లో వెలువడిన ఒక పరీక్షలో, గుండె బాగా బలహీనపడిన 1,663 మందిలో ఈ మాత్ర మరణాలను 30 శాతం తగ్గించింది. నా దృష్టిలో ఈ చరిత్రలో రోగికి నేరుగా అందిన పెద్ద ఫలం ఇదే. 2019లో, 2022లో పెన్సిల్వేనియా పరిశోధకులు రోగనిరోధక కణాలతో ఫైబ్రోబ్లాస్ట్‌లను తగ్గించి చూపించారు గానీ, అది ఎలుకల్లోనే.

కృష్ణకు పొరుగు డెల్టాలో, గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో 2003-04లో జరిగిన అధ్యయనంలో దాదాపు మూడోవంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. పట్టాభి ప్రాక్టీసు పెట్టిన బందరుకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. గుడివాడలోనైనా అవనిగడ్డలోనైనా, ఛాతీనొప్పి వస్తే గ్యాసని సోడా తాగి కూర్చోకండి. నాళం ఎంత త్వరగా తెరుచుకుంటే మచ్చ అంత చిన్నదవుతుంది. స్పైరనోలాక్టోన్ రాసి ఉంటే సొంతంగా ఆపకండి. అది ఒంట్లో పొటాషియం పెంచుతుంది కాబట్టి చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించుకోండి. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఉంటుంది, రోజూ తాగే అలవాటుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.