పుత్తూరు రోడ్డు మీద చిన్న బండి

నగరి, పుత్తూరు మరమగ్గాల గుడ్డకూ, తోటల్లోని తోతాపురి మామిడికీ మూడు చక్రాల ఆటో చాలదు, లారీ ఎక్కువ. ఆ ఖాళీలోకి 2005లో టాటా ఏస్ వచ్చింది. మైలేజే దాన్ని గెలిపించిందంటారు. అది సగం నిజమే. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను, 16 హార్స్‌పవర్, టర్బో లేదు. డీజిల్ ఫిల్టరు అడుగున స్క్రూ వదులు చేసి నీళ్లు దించడం, వేళకు ఆయిల్ మార్చడం డ్రైవరు చేతిలో పనే. పెద్ద రిపేరు వచ్చినా ఊళ్లో మెకానిక్కే విప్పగలడు. మామిడి కాలం రెండు మూడు నెలలే, బండి షెడ్డులో పడితే కిస్తీ మాత్రం ఆగదు. అసలు గెలుపు అక్కడుంది.

మరి 2,523 సీసీ బొలెరో పికప్ ఎలా నిలిచిందని అడగొచ్చు. లీటరు లెక్కన అది వెనకబడుతుంది. నిండు లోడుంటే టన్ను లెక్కన ముందుంటుంది. సగం లోడుతో తిరిగితే ఆ లాభం డీజిల్‌కే పోతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక పొగ తగ్గింది, అది మంచిదే. కానీ సెన్సర్లు పెరిగి, స్కానర్ లేనిదే లోపం దొరకని పరిస్థితి వచ్చింది. ఏస్ గోల్డ్‌కు 694 సీసీ పెట్రోల్ ఇంజను పెట్టడంతో డీజిల్ పొగ శుద్ధి సరంజామా తప్పింది, పెరిగిన ఇంధనం ఖర్చు మాత్రం యజమాని మీద పడింది.